బాలనాగమ్మ కథ – నాయకనిర్ణయము

మంత్రపు భిక్షువు, కుక్కగా మారిన రాణి, శిలలైన రాజకుమారులు, చిలుకయందు దాగిన ప్రాణము – ఇట్టి సామగ్రి గల కథను కావ్యవిచారమునకు దగినదిగా నెంచుటకు మన పండితులు చిరకాలము సమ్మతింపలేదు. అది జంగములును శారదకాండ్రును పాడుకొను కథ యనియు, స్త్రీబాలవినోదమే గాని విద్వద్గోష్ఠికి బనికిరాదనియు వారి తలంపు. 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయము జానపదగేయసాహిత్యముపై బిరుదురాజు రామరాజు వ్రాసిన సిద్ధాంతగ్రంథమునకు డాక్టరు బిరుదమొసగిన పిమ్మటగాని యీ యనాదరము తగ్గలేదు. తగ్గిన పిమ్మటను ఒక ప్రశ్న మిగిలియే యున్నది. ఈ కథకు నాయకుడెవడు?

కథాసారము పాఠకులెఱిగినదే. నవభోజరాజు రెండవ భార్య మాట విని తన యేడుగురు కూతుండ్రను అడవి పాలుచేసెను. పానుగంటి రాజకుమారులు వారిని బెండ్లాడగా, కడగొట్టుదగు బాలనాగమ్మ కార్యవర్ధిరాజునకు భార్య యయ్యెను. బిచ్చమునకు వచ్చిన మాయలఫకీరు (కొన్ని పాఠములందు మాయలమరాఠీ) ఆమెను కుక్కను జేసి తన గుహకు గొనిపోయెను. వెదుకబోయిన భర్తయు బావలును శిలలైరి. ఊయెలలో విడువబడిన కొడుకు బాలవర్ధిరాజు పెరిగి పెద్దవాడై, పూలమ్ము తంబళ్ళపెద్ది యింట దలదాచుకొని, సముద్రముల కావలనున్న చిలుకను దెచ్చి, దానితో మాంత్రికుని గూల్చెను.

పానుగల్లు పేరు విన్నంతనే దక్షిణతెలంగాణపు శ్రోతకు తన సీమయే స్ఫురించును. నల్లగొండకు జేరువను పచ్చల సోమేశ్వర, ఛాయాసోమేశ్వరాలయములతో నొప్పు పానగల్లు కందూరు చోడుల రాజధాని. పాలమూరు సీమయందు మఱియొక పానుగల్లు దుర్గము కలదు. 1420 ప్రాంతమున మొదటి దేవరాయలు బహమనీ సుల్తాను ఫిరోజిషాను ఓడించినది దాని కడనే. ఆ యూరు 2016 నుండి వనపర్తి జిల్లాలోనిది. ఐనను నామసామ్యముచే గథ చరిత్ర కాజాలదు. కందూరు చోడుల నామములు తొండయ, భీమ, గోకర్ణ, ఉదయ యనునట్టివి. 'వర్ధి' పదముతో నేర్పడిన కథలోని పేరులకు వానితో బొత్తు లేదు.

కథ యొక్క వ్యాప్తి యీ సీమ యెల్లలను దాటినది. 1868లో లండనున వెలువడిన మేరీ ఫ్రియరు దక్కను కథల సంపుటమున 'పంచికిన్' అను కథ యొకటి కలదు. ఆమె దానిని అన్నా లిబరేటా డి సౌజా యను తన దాది నోట వినెను. అందును సవతితల్లి, ఏడుగురు రాజపుత్రికలు, కుక్కయైన కనిష్ఠ, శిలలైన మగలు, చిలుకలో బ్రాణముగల మాంత్రికుడు, శత్రువు నింట జేరి తల్లిని గనుగొన్న కొడుకు – అంతయు నిదియే. కనిష్ఠ పేరు సైతము 'బాల్నా'. ఇది యాదృచ్ఛికమనుట కష్టము.

పాశ్చాత్యవిమర్శకులు ఈ కథను మిక్కిలి యాదరించిరి. 1870లో కాక్సు ఆర్యజాతుల పురాకథల సామ్యమునకు దీనిని నిదర్శనముగా జూపెను. 1890లో ఫ్రేజరు దేహము వెలుపల దాచిన ప్రాణమును గూర్చి విచారించుచు దీనినే యుదాహరించెను. పిదప కథాభేదసూచీకారులు గ్రుడ్డులో రాక్షసుని గుండె గల కథలను 302వ సంఖ్య క్రింద జేర్చిరి. రష్యా దేశపు కొష్చేయి కథయు నచ్చటనే చేరినది. వీరందఱి దృష్టియు చిలుకమీదనే, అనగా మాంత్రికునిమీదనే, నిలిచినది. ఫ్రియరు సంపుటమున గథకు బేరును వానిదే. చెఱలోని స్త్రీ వారికి ప్రాణరహస్యమును రాబట్టు నుపకరణము మాత్రమే. తెలుగువారన్ననో కథకామె పేరే పెట్టిరి.

ఆలంకారికుల మార్గమున జూచినను తెలుగు పేరే యుక్తతరము. కార్యవర్ధి ధీరోదాత్తుడు కాడు. కథలో బెక్కు భాగము శిలయై పడియున్నాడు. నామమందు మాత్రమే కార్యము వర్ధిల్లినది! బాలవర్ధి సాహసి యగుట నిజము. కాని యతడు కథ మధ్యమున గాని రంగమునకు రాడు. దశరూపకకర్త ఫలస్వామ్యమును అధికారమనియు, ఆ ఫలమునకు స్వామియైనవానిని అధికారి యనియు జెప్పినాడు. ఇచ్చట ఫలము పతిపుత్రసమాగమము, శీలరక్షణము. దానిని గోరినది, దానికై పాటుపడినది, తుదకు బొందినది బాలనాగమ్మ. ఆమె చేత ఖడ్గము లేదు, మంత్రము లేదు. నోము నెపమున గడువడిగి, ఆ గడువును ఏండ్లతరబడి నిలుపుకొనుటయే యామె యుద్ధము. కొడుకు పెరిగి వచ్చుటకు గాలము చిక్కినది ఆ గడువువలననే. మాంత్రికుడు సర్వమును మార్పగలవాడయ్యు ఒక వ్రతమును మాత్రము అతిక్రమింపలేక పోవుట యీ కథయందలి గొప్ప యూహ. చిలుక రహస్యము అనేకదేశములందు గలదు; విమర్శకుల కన్ను పడవలసినది ఈ నోము మీద.

చలనచిత్రములందును ఇదే వివాదము వేఱురూపమున గనబడును. 1942లో జెమినీవారి చిత్రమున కాంచనమాల బాలనాగమ్మ. ఐనను గోవిందరాజుల సుబ్బారావు ధరించిన మాయలమరాఠీ పాత్ర జనుల నాలుకలపై నిలిచినది. 1959లో అంజలీదేవి నాయికగా వేదాంతం రాఘవయ్య మఱల దీసిన చిత్రమున ఎస్. వి. రంగారావు ఆ మాంత్రికుడు. నడుమ 1954లో జెమినీవారే యీ కథను మధుబాలతో హిందీలో దీసిరి. దాని పేరు 'బహుత్ దిన్ హువే'. తెలుగు దాటినంతనే నాయిక పేరు కథకు మఱల లోపించినది.