మెరుపు మీద నలుపు

పిల్లలూ, కొన్ని కార్ల బంపర్ల మీద అద్దంలా తళతళ మెరిసే పూత చూశారు కదా? అది క్రోమియం. 1797లో వోక్లాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ లోహాన్ని కనుగొన్నాడు.

రెండవ ప్రపంచయుద్ధంలో క్రోమియం యుద్ధసామగ్రికి కావలసివచ్చింది. అందుచేత 1942లో అమెరికాలో కార్ల మీద చాలా భాగాలకు ఆ పూత మాన్పించి, దాని బదులు రంగు వేశారు. ఇప్పుడైతే కొందరు ముచ్చటపడి, ఇంటి దగ్గరే ఈ మెరుపు మీద నల్లరంగు వేసుకుంటున్నారు.

కాని ఉన్నపళంగా రంగు పూస్తే, అది కొద్ది రోజులకే పెచ్చులుగా ఊడిపోతుంది. ఎందుకని? గోడ గరుకుగా ఉంటుంది గనుక సున్నం పట్టుకుంటుంది. నున్నని గాజు మీద పట్టుకోదు. క్రోమియమూ గాజులాగే నున్నన!

అందుకని పెద్దవాళ్ళు ముందుగా సబ్బునీళ్ళతో జిడ్డు కడుగుతారు. చుట్టుపక్కల రంగు పడకుండా కాగితాలు అంటిస్తారు. ఉప్పుకాగితాన్ని నీటితో తడిపి, మెరుపు మాసేదాకా రుద్దుతారు. తడిపితే దుమ్ము లేవదు. ఆ దుమ్ము పీల్చరాదు. మరీ రుద్దితే పూత అరిగి, అడుగున ఉన్న ఇనుము తుప్పు పడుతుంది. తరువాత ప్రైమరు వేసి, అది ఆరాక నల్లరంగును పలచగా, పొర ఆరాక పొరగా వేస్తారు.

మీరూ పరీక్షించి చూడండి. స్టెయిన్‌లెస్ స్టీలులోనూ క్రోమియం ఉంటుంది. పారవేసే పాత చెంచాను సగం మాత్రమే ఉప్పుకాగితంతో రుద్ది, శుభ్రంగా కడిగి ఆరబెట్టి, అంతటా రంగు వెయ్యండి. బాగా ఆరాక గోటితో గీకండి. రంగు ఏ సగంలో ముందు ఊడుతుందో మీకే తెలుస్తుంది!