విదేశాలకు పెంపుడు కుక్కల తరలింపు: ముందస్తు సన్నాహాలు, పరాన్నజీవుల నివారణ

ఉద్యోగం, ఉన్నత విద్య నిమిత్తం తెలుగు రాష్ట్రాల నుంచి అమెరికా, బ్రిటన్, ఐరోపా దేశాలకు వెళ్ళే కుటుంబాలు తమ పెంపుడు కుక్కను కూడా వెంట తీసుకొనిపోవాలని కోరుకోవడం సహజం. అయితే విమాన టిక్కెట్టు కొన్న తరువాత పశువైద్యుని సంప్రదిస్తే సమయం చాలదు. రేబిస్ దృష్ట్యా ఈ దేశాలు భారతదేశం నుంచి వచ్చే కుక్కలకు కఠిన నిబంధనలు విధించాయి. కావున సన్నాహాలను కనీసం ఆరు నెలల ముందే ప్రారంభించాలి. ప్రతి నిబంధన వెనుక గల శాస్త్రీయ కారణాన్ని యజమానికి వివరించగలిగితే పొరపాట్లు తగ్గుతాయి.

చిప్, టీకా, రక్తపరీక్ష: క్రమం తప్పరాదు

మొదట అంతర్జాతీయ ప్రమాణాలకు లోబడిన 15 అంకెల మైక్రోచిప్‌ను చర్మం కింద అమర్చాలి. ఆ తరువాతనే రేబిస్ టీకా వేయాలి. చిప్‌కు ముందు వేసిన టీకా ఏ కుక్కకు వేసినదో నిర్ధారించే ఆధారం ఉండదు కాబట్టి దానిని లెక్కలోకి తీసుకోరు. టీకా నాటికి కుక్క వయస్సు కనీసం 12 వారాలు ఉండాలి.

టీకా వేసిన 30 రోజుల తరువాత రక్తం సేకరించి, గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపాలి. ప్రతిరక్షకాలు తగిన స్థాయికి చేరడానికే ఈ వ్యవధి. మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు లేదా అంతకు మించి ఉంటేనే ఫలితం ఆమోదయోగ్యం. బ్రిటన్, ఐరోపా సమాఖ్య దేశాలకు వెళ్ళే కుక్కలు రక్తం తీసిన నాటి నుంచి మరో మూడు నెలలు ఆగాలి. అప్పటికే వైరస్ సోకి ఉంటే ఈ లోగా లక్షణాలు బయటపడే అవకాశం ఎక్కువ. ఉదాహరణకు జనవరి 1న టీకా వేసి, జనవరి 31న రక్తం తీస్తే, మే మొదటి వారానికి ముందు ప్రయాణం వీలుపడదు. బూస్టరు గడువు దాటితే మళ్ళీ మొదటికి రావలసిందే.

అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి నిబంధనలను మార్చింది. కుక్క వయస్సు కనీసం 6 నెలలు ఉండాలి. మన దేశంలో టీకా పొందిన కుక్కకు ఆమోదయోగ్యమైన రక్తపరీక్ష ఫలితం లేకపోతే, అక్కడ 28 రోజులు క్వారంటైన్‌లో ఉంచుతారు.

బద్దె పురుగుల మందు: గంటల లెక్క

బ్రిటన్, ఐర్లాండ్, ఫిన్లాండ్, మాల్టా, నార్వే దేశాలకు చేరడానికి 24 నుంచి 120 గంటల ముందు పశువైద్యుని సమక్షంలో ప్రాజిక్వాంటెల్ ఇవ్వాలి. మనుషుల కాలేయాన్ని దెబ్బతీసే ఎకైనోకోకస్ మల్టీలాక్యులారిస్ అనే బద్దె పురుగును అడ్డుకోవడం దీని ఉద్దేశం. ఈ మందు ప్రభావం శరీరంలో నిలిచి ఉండదు. బాగా ముందుగా ఇస్తే పురుగు మళ్ళీ సోకవచ్చు. మరీ ఆలస్యంగా ఇస్తే పురుగులు, గుడ్లు గమ్యస్థానంలోనే బయటపడతాయి. మందు ఇచ్చిన తేదీ, సమయం ధ్రువపత్రంలో నమోదు చేయాలి.

పిడుదులు: ఆరోగ్యంగా కనిపించే కుక్కలోనూ ముప్పు

మన ప్రాంతంలో గోధుమ రంగు కుక్క పిడుదు ఏడాది పొడవునా కనిపిస్తుంది. ఇది ఎర్లీషియా, బబేసియా వంటి క్రిములను వ్యాప్తి చేస్తుంది. ఎర్లీషియా సోకిన కుక్క నెలల తరబడి ఏ లక్షణమూ లేకుండా ఉండగలదు. ఆస్ట్రేలియాలో ఈ పిడుదు ముందునుంచీ ఉన్నా, ఎర్లీషియా కేనిస్ మాత్రం లేదు. 2020 మే నెలలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని కింబర్లీ ప్రాంతపు కుక్కల్లో దానిని తొలిసారి స్థానికంగా గుర్తించారు. వాహక పిడుదు సిద్ధంగా ఉన్నచోట క్రిమి ప్రవేశిస్తే నిర్మూలన ఎంత కష్టమో ఈ ఉదంతం తెలుపుతుంది.

అందువల్ల పిడుదుల నివారణ మందులను ప్రయాణానికి కొన్ని నెలల ముందు నుంచే క్రమం తప్పక వాడాలి. ఆడ పిడుదు రక్తం తాగిన తరువాత కిందికి రాలి, గోడ పగుళ్ళలో వేల గుడ్లు పెడుతుంది. కాబట్టి కుక్క పడుకునే చోటును కూడా శుభ్రపరచి, మందు పిచికారీ చేయాలి. రక్తపు పూతలో క్రిమి కనిపించకపోయినా ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే పీసీఆర్ పరీక్ష చేయించాలి. ఎర్లీషియా నిర్ధారణ అయితే కిలో శరీర బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాముల చొప్పున డాక్సీసైక్లిన్ 28 రోజులు ఇవ్వాలి. బబేసియా గిబ్సోని చికిత్స తరువాత కూడా రక్తంలో మిగిలిపోవచ్చు గనుక మళ్ళీ పరీక్షించాలి.

హృదయ పురుగులు అధికంగా గల అమెరికా దక్షిణ రాష్ట్రాలకు వెళ్ళే కుక్కలకు నెలవారీ నివారణ మందు అవసరం. దోమకాటు ద్వారా సోకిన ఆరు నెలల వరకు పరీక్షలో ఫలితం తేలకపోవచ్చు కాబట్టి అక్కడ మరోసారి పరీక్ష చేయించాలని యజమానికి చెప్పాలి.

ప్రయాణ సమయం

కుక్క నిలబడి, తిరిగి, పడుకోగలిగినంత పెట్టెను ముందే ఇంట్లో అలవాటు చేయాలి. మత్తుమందులు ఇవ్వరాదు. చివరగా హైదరాబాదు లేదా చెన్నై వంటి నగరాలలోని కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ కేంద్రం నుంచి ఎగుమతి ధ్రువపత్రం పొందాలి.

నిబంధనలు మారుతుంటాయి కనుక గమ్యదేశపు తాజా అధికారిక సూచనలను ప్రతిసారీ పరిశీలించాలి. యజమాని తొలిసారి వచ్చిన రోజే తేదీలతో కూడిన పట్టికను రాసి ఇవ్వడం పశువైద్యుడు చేయగల అత్యంత ఉపయుక్తమైన సహాయం.