ఒక్కోసారే మొరాయించే లారీ

విజయవాడ పక్కన నున్న మామిడి మార్కెట్. మే నెల మిట్టమధ్యాహ్నం. సరుకెత్తిన లారీ ఒకటి కాటా వేయించుకుని వచ్చి పక్కకు ఆగింది. పది నిమిషాల తర్వాత డ్రైవర్ మళ్లీ కీ తిప్పాడు. గిర్రున తిరగాల్సిన సెల్ఫ్ ‘ఊం... ఊం...’ అని మూలిగి, ఆగిపోబోయి, చివరికెలాగో ఇంజన్‌ను లేపింది.

‘‘రాత్రంతా నిలిపి పొద్దున్నే తీస్తే ఒక్క తిప్పుకే లేస్తుందండీ. దారిలో టీకి ఆపి ఎక్కితే ఇదిగో, ఇలా మూలుగుతుంది. అదీ ప్రతిసారీ కాదు’’ అన్నాడు డ్రైవర్. అప్పటికే రెండు బ్యాటరీలూ కొత్తవి వేశారు. సెల్ఫ్ విప్పించి ఆర్మేచర్ కట్టించారు. ఖర్చయింది గానీ మూలుగు పోలేదు. బండి నిండా పండబోయే కాయలు. దారిలో ఎక్కడో ఆగిపోతే పోయేది ఒక్క రోజు కిరాయి మాత్రమే కాదు.

పూర్తిగా చెడిన యంత్రాన్ని బాగుచేయడం తేలిక. ఒక్కోసారి మాత్రమే మొరాయించేదాన్ని పట్టుకోవడమే కష్టం. షెడ్డుకు తెచ్చేసరికి అది బుద్ధిగా పనిచేస్తుంది. అప్పుడు మిగిలేది ఊహ. ఊహతో సామాన్లు మార్చడం మొదలవుతుంది. నేను నమ్మేది ఒకటే: తప్పు జరుగుతున్న ఆ నాలుగు సెకన్లలోనే కొలవాలి. మిగతా సమయంలో మీటర్ చెప్పేది సగం మాటే.

అయితే మీటర్ కంటే ముందు చెవి. స్టార్టింగ్ లేటు అనే ఫిర్యాదులో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. సెల్ఫ్ జోరుగా తిరుగుతూనే ఉండి ఇంజన్ మాత్రం అందుకోకపోతే, చూడాల్సింది డీజిల్ వైపు. డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉండదు. సిలిండర్‌లోని గాలిని పదహారో వంతుకో, పద్దెనిమిదో వంతుకో నొక్కితే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన ఇంజన్ సూత్రం ఇదే. పైపు జాయింటులో సన్నని సందుంటే బండి నిలిచినంతసేపూ గాలి దూరి, డీజిల్ ట్యాంకు వైపు జారిపోతుంది. హ్యాండ్ పంపు నాలుగుసార్లు కొట్టగానే బండి లేచిందంటే అనుమానం అక్కడికే పోవాలి.

మన లారీది ఆ జబ్బు కాదు. సెల్ఫే మెల్లగా తిరుగుతోంది. మెల్లగా తిరిగితే నొక్కుకుపోతున్న గాలి తన వేడిని సిలిండర్ గోడలకు ఇచ్చేస్తుంది, కొంత రింగుల సందుల్లోంచి జారిపోతుంది. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో మరో చిక్కుంది. రైలులో డీజిల్ ఒత్తిడి సుమారు 200 బార్లకు చేరితే గానీ కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవనివ్వదు. అందుకే కరెంటు లోపం కూడా చూసేవాళ్లకు డీజిల్ లోపంలా కనిపిస్తుంది.

లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. సెల్ఫ్ తిరిగేటప్పుడు 300 ఆంపియర్ల దాకా కరెంటు లాగుతుంది. ఇంట్లో ఫ్యాను లాగేది అర ఆంపియరు కూడా ఉండదు. ఇంత కరెంటు పారే దారిలో ఒక బోల్టు కింద తుప్పు పట్టి, ఓమ్‌లో నూరో వంతు నిరోధం వచ్చి చేరిందనుకోండి. 1827లో ఓమ్ ప్రకటించిన లెక్క ప్రకారం 300ను 0.01తో గుణిస్తే 3 వోల్టులు. అవి సెల్ఫ్‌కు చేరకుండా ఆ బోల్టు దగ్గరే పోయాయన్నమాట. వాట్లలో చెబితే 900. అంటే గోరంత జాయింటు దగ్గర ఒక ఇస్త్రీపెట్టె పెట్టినంత వేడి.

మామూలు మల్టీమీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి ఈ నూరో వంతును పట్టుకోలేం. దాని సొంత తీగల నిరోధమే అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. బండి నిలిచి ఉండగా వోల్టులు చూసినా 25 నిండుగా కనిపిస్తాయి. డెల్టాలో పొలం చేసినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. బోదెలో ఎక్కడో పూడిక పడింది. నీళ్లు కదలనప్పుడు పూడికకు అటూ ఇటూ మట్టం ఒక్కటే. తూము ఎత్తి నిండుగా వదిలితేనే ఎగువన నీరు ఎగదన్నుతుంది, దిగువన అడుగంటుతుంది. ఆ రెండు మట్టాల తేడాయే పూడిక ఎక్కడుందో చెబుతుంది. కరెంటులోనూ అంతే. పారుతున్నప్పుడే కొలవాలి.

ఆ మధ్యాహ్నం ఎలక్ట్రీషియన్ మేస్త్రీ చేసింది అదే. బండి న్యూట్రల్‌లో ఉంది, హ్యాండ్ బ్రేక్ లాగి ఉంది. మీటర్ ప్రోబ్ ఒకటి బ్యాటరీ మైనస్ పోస్టు మీద, రెండోది సెల్ఫ్ ఒంటి మీద గీకి నొక్కి పట్టుకున్నాడు. రెండూ మైనస్ కిందే లెక్క. దారి బాగుంటే తేడా అర వోల్టు కూడా రాకూడదు. క్లీనర్ కీ తిప్పాడు. 0.3. ఇంజన్ టక్కున లేచింది. ఆపి, మళ్లీ తిప్పాడు. 0.3. మేస్త్రీ కదల్లేదు. కాసేపు ఆగి మూడోసారి తిప్పించాడు. ‘ఊం...’ అంది సెల్ఫ్. మీటర్ మీద 4.2.

ఆ తర్వాత దారిని ముక్కలు చేశాడు. సెల్ఫ్ ఇంకా మూలుగుతున్న దశలోనే, పోస్టు నుంచి ఛాసిస్ దాకా కొలిస్తే 0.2. ఛాసిస్ నుంచి ఇంజన్ దాకా 4.0. ఇంజన్ రబ్బరు దిండ్ల మీద కూర్చుని ఉంటుంది, రబ్బరులో కరెంటు పారదు. అందుకే రెంటికీ మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటి బిగిస్తారు. ఆ పట్టీ లగ్గు కింద ఎప్పుడో వేసిన పెయింటు పొర, దాని అంచున తుప్పు. చల్లగా ఉన్నప్పుడు లోహం లోహానికి ఎలాగో ఆనుతోంది. ఇంజన్ వేడికి లగ్గు సాగి, బిగువు సడలి, ఒక్కోసారి ఆనడం మానేస్తోంది. పైగా సెల్ఫ్ లోపలి రాగి చుట్లు 30 డిగ్రీల నుంచి 90కి వేడెక్కితే వాటి నిరోధం ఐదో వంతుకు పైగా పెరుగుతుంది. రెండూ కలిసినప్పుడే మూలుగు. పొద్దున్నే బాగుండి టీ తర్వాత మొరాయించడానికి కారణం అదే.

ప్రతి బండికీ పట్టీయే దోషి కాదు. ఒక్కోసారే ఇబ్బంది పెట్టడానికి, సెల్ఫ్‌కు కరెంటు కలిపే స్విచ్చు అయిన సాలెనాయిడ్ లోపలి రాగి బిళ్ల కూడా కారణం కావచ్చు. ప్రతి స్టార్ట్‌కూ అది కొద్దిగా తిరిగి కొత్తచోట ఆనుతుంది. కాలిపోయిన చోట ఆనినరోజు కరెంటు సరిగా దాటదు. స్పానరుతో సెల్ఫ్‌ను మెల్లగా తట్టగానే తిరిగిందంటే అరిగిన బ్రష్షుల్ని చూడాలి. ‘టకటకటక’ మని వరసగా కొట్టుకుంటే బ్యాటరీని అనుమానించాలి: సాలెనాయిడ్ అతుక్కోగానే వోల్టేజి కూలుతుంది, అది వదిలేస్తుంది, వోల్టేజి మళ్లీ లేస్తుంది, మళ్లీ అతుక్కుంటుంది. ఏ పరీక్షలోనైనా సెల్ఫ్‌ను ఏకబిగిన పది సెకన్లకు మించి తిప్పకూడదు, మధ్యలో చల్లారనివ్వాలి. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ అసలే వద్దు. చార్జింగ్‌లో వెలువడే హైడ్రోజన్‌కు ఆ ఒక్క రవ్వ చాలు.

మేస్త్రీ పట్టీ విప్పి, వైర్ బ్రష్‌తో ఇనుము తళతళలాడేదాకా రుద్ది, కొత్త బోల్టు, స్ప్రింగ్ వాషర్ వేసి బిగించాడు. వేడి ఇంజన్ మీద ఐదుసార్లు తిప్పించాడు. ఐదుసార్లూ 0.3 దాటలేదు.

అయినా మీటర్ లోపల పెట్టలేదు. రెండు బ్యాటరీలనూ విడివిడిగా కొలిచాడు. ఒకటి 12.7, రెండోది 12.2. ఒకేరోజు కొన్న జతలో ఒకటి నిండుగా ఉంటే రెండోది సగమే ఉంది. రెండోదాని మీద నుంచి సన్నని ఎర్రతీగ ఒకటి క్యాబిన్‌లోకి పోతోంది. పాటల పెట్టె 12 వోల్టులది కాబట్టి దాన్ని ఒక్క బ్యాటరీకే కలిపారు. ఆల్టర్నేటర్ రెంటికీ కలిపి 28 వోల్టులు ఇస్తుందే గానీ ఎవరికెంత అని చూడదు. పాటలకు కరెంటు ఇచ్చే బ్యాటరీ ఎప్పుడూ ఆకలితోనే ఉంటుంది, మొదటిది అవసరానికి మించి చార్జయి నీళ్లు పోగొట్టుకుంటుంది.

‘‘అయితే పాటలు తీసెయ్యాలా మేస్త్రీ?’’ అన్నాడు డ్రైవర్ దిగులుగా.

‘‘ఎందుకన్నా’’ అంటూ ఆయన సంచిలోంచి అరచేతిలో పట్టే కన్వర్టర్ తీశాడు. ఇరవైనాలుగు తీసుకుని పన్నెండు ఇచ్చేది. ఎర్రతీగను బ్యాటరీ మీంచి తీసి దానికి కలిపాడు. లారీ కదిలేటప్పుడు క్యాబిన్‌లో పాట వినిపిస్తూనే ఉంది.