అంకాపూర్‌లో అక్షరాలెన్ని?

నిజామాబాదు జిల్లాలో ఆర్మూర్ సమీపాన పసుపు పంటకు పేరుపడిన గ్రామం అంకాపూర్. ఆ పేరులో అక్షరాలెన్ని అని అడిగితే అం, కా, పూ, ర్ - నాలుగని విద్యార్థులు చెబుతారు. కంప్యూటరు ఎనిమిది అంటుంది. అది పొరపాటు కాదు. ప్రపంచ లిపులకు సంఖ్యలు కేటాయించే యూనికోడ్ పద్ధతిలో అకారము, సున్న, క, దీర్ఘము, ప, కొమ్ముదీర్ఘము, ర, పొల్లు - ఒక్కొక్కదానికి ఒక్కొక్క సంఖ్య ఉన్నది. ఈ లెక్కన ఊరి పేరుకు ఏడు గళ్ళే ఇచ్చిన పట్టికలో పొల్లు రాలిపోయి ‘అంకాపూర’ మిగులుతుంది; అయిదు గళ్ళయితే ‘అంకాప’. రైతు రసీదు మీద ఊరే మారిపోయినట్లు!

కనుక తెలుగును ముట్టుకొనే ప్రతి ప్రోగ్రాముకూ అక్షరాలను సరిగా విడదీసే చిన్న సాధనం కావాలి. రసీదుకూ, నిఘంటువుకూ, పద్యాల గణవిభజనకూ అదే అవసరం. ప్రతిచోటా దానిని మళ్ళీ వ్రాయడం వృథా. ఒకచోట వ్రాసి పదిచోట్లకు నకలు తీయడం అంతకంటె ప్రమాదం. ఎందువల్లనో ఆర్మూర్ పేరే చెబుతుంది. యూనికోడ్ పాత సూత్రం పొల్లు వద్ద తుంచి ఆ, ర్, మూ, ర్ అని నాలుగు ముక్కలు చేసేది. తెలుగు వంటి లిపులలో సంయుక్తాక్షరాన్ని విడదీయరాదన్న నియమం 2023లో వెలువడిన 15.1 కూర్పులో చేరింది. దాని ప్రకారం ఆ, ర్మూ, ర్ - మూడే. సాధనాన్ని ఒకేచోట ఉంచుకొన్నవారు ఒకసారి దిద్దుకొంటే చాలు. నకళ్ళు తీసినవారు అన్నింటినీ వెదకవలసినదే. తప్పిపోయిన నకలు పాత లెక్కే చెబుతూ ఉంటుంది.

ఇట్లా మళ్ళీమళ్ళీ వాడుకొనే సాధనాల కట్టను ప్యాకేజీ అంటారు. ప్రోగ్రాము మూలపాఠాన్ని అందరి ముందూ ఉంచే ఓపెన్ సోర్సు పథకాలలో వ్రాసేవారూ దిద్దేవారూ తరచు ఒకరినొకరు ఎరుగరు. ఎక్కడ ఏమున్నదో పేరును బట్టే తెలియాలి. అయినా ఎక్కడా ఇమడని సాధనాలన్నింటినీ ‘యుటిల్స్’ అనే ఒకే సంచిలో పడవేయడం పెద్ద పథకాలలో సైతం కనిపించే అలవాటు. కాడి, గోళ కలిపి ఒకే రాశి పోసిన పసుపు వంటిదది. ‘అక్షర విభజన’, ‘తేదీలు’, ‘అకారాది క్రమం’ - ఇట్లా చేసే పనే పేరు కావాలి.

పేరుకంటె ముఖ్యమైనది ఆధారపడే దిశ. ఛందస్సులో చివరి పొల్లు ముందు అక్షరంతో చేరుతుంది. అం, కా, పూర్ మూడూ గురువులే, కనుక అంకాపూర్ మగణం! గణాలు కట్టే ప్యాకేజీ అక్షర విభజనను పిలుచుకోవచ్చు. అక్షర విభజనలో మాత్రం ఛందస్సు ఊసు ఉండరాదు. ఉంటే రసీదు ముద్రించేవాడు కూడా యగణ రగణాలను మోయవలసి వస్తుంది. ఐ.బి.ఎం. సంస్థ 1999లో మూలపాఠాన్ని బహిరంగపరచిన ఐ.సి.యు. అనే భాషాసాధన సంపుటిలో ఈ క్రమమే కనిపిస్తుంది. అక్షరాలను, పదాలను విడదీసే భాగం అడుగున ఉన్నది. అకారాది క్రమం, తేదీల భాగం దానిపై నిలిచింది. అడుగుది పైదానిని ఎరుగదు.

విభజన మితిమీరినా చిక్కే. పదానికి ఎడమప్రక్కన ఖాళీలు చేర్చే ‘లెఫ్ట్-ప్యాడ్’ అనే పదకొండు పంక్తుల ప్యాకేజీని 2016 మార్చిలో దాని రచయిత ఉమ్మడి భాండారం నుండి తొలగించగా, దానిమీద ఆధారపడిన వేలాది ప్రోగ్రాముల నిర్మాణం ఆగిపోయింది. కొద్ది గంటలలోనే నిర్వాహకులు దానిని తిరిగి ఉంచవలసి వచ్చింది.

ప్యాకేజీ ప్రక్కనే దాని పరీక్షలు కూడా ఉండాలి. అక్షర విభజనకు అంకాపూర్ 4, ఆర్మూర్ 3 అన్న రెండు పంక్తులు మంచి ఆరంభం. ఎవరు ఏ దిద్దుబాటు పంపినా ముందుగా ఈ పేర్లను లెక్కింపజేస్తారు. ఆర్మూర్‌కు నాలుగు వచ్చిందా, ఆ దిద్దుబాటును త్రిప్పి పంపుతారు.