కోతల కాలంలో మన గుమ్మానికి వరి కుచ్చు

చల్లని దేశాలలో శరదృతువు అంటే ఆకులు ఎర్రబడి రాలే కాలం. అక్కడి కుటుంబాలు ఆ రాలిన ఆకులను, ఎండిన కంకులను, గుమ్మడికాయలను ఏరి తెచ్చి ఇంటి గుమ్మాన్ని అలంకరించుకుంటారు. మన పల్లెల్లో ఈ రోజులు ఆకు రాలే కాలం కాదు, గింజ చేతికి వచ్చే కాలం. తెలంగాణలో అక్టోబరు చివరి నుండి, కృష్ణా గోదావరి డెల్టాలలో నవంబరు, డిసెంబరు నెలల్లో సార్వా వరి కోతకు వస్తుంది. ఒకవైపు పత్తి తీత, మరోవైపు మొక్కజొన్న విరుపు, పెరట్లో బంతిపూలు, పాకమీద గుమ్మడికాయలు. అలంకరణకు కావలసినవన్నీ దేవుడు మన కళ్ల ముందే ఉంచాడు. అయినా పండుగ అనగానే బజారుకు పోయి రంగు కాగితాలు, ప్లాస్టిక్ పూలు కొనే అలవాటు మనకు వచ్చింది. ఈ నెల ఈ పేజీలో, పైసా ఖర్చు లేకుండా పొలం ఇచ్చిన వాటితోనే ఇంటిని అలంకరించుకొనే పద్ధతులు కొన్ని చెప్పదలిచాము.

అలంకారము, పరిగె – ఒకే అధ్యాయంలో

ఈనాడు సంఘాలలో జరిగే కోత పండుగ ఆరాధన పద్ధతి ఇంగ్లండు నుండి వచ్చింది. 1843లో కార్న్‌వాల్ ప్రాంతంలోని మోర్వెన్‌స్టో అనే చిన్న గ్రామంలో రాబర్ట్ స్టీఫెన్ హాకర్ అనే సంఘకాపరి, పంట కోసం దేవునికి కృతజ్ఞత చెల్లించుటకు తన సంఘస్థులను ప్రత్యేకంగా ఆరాధనకు పిలిచాడు. ఆ ఆచారం క్రమంగా ఇతర సంఘాలకు పాకింది. మన దగ్గర పంట వచ్చే కాలం ఊరికొక తీరు గనుక, ఏ సంఘం తన పంటను బట్టి తన ఆదివారం ఏర్పరచుకుంటుంది.

అయితే పంట కాలపు అలంకారం అంతకంటే ఎంతో పాతది. లేవీయకాండము 23వ అధ్యాయంలో పర్ణశాలల పండుగను గూర్చి చదువుతాము. పంట కూర్చుకొన్న తరువాత మంచి చెట్ల పండ్లు, ఈత మట్టలు, గుబురు కొమ్మలు తెచ్చి ఏడు దినాలు సంతోషించాలని దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించాడు. కొన్న అలంకారం కాదు, చెట్టు ఇచ్చిన అలంకారమే. అదే అధ్యాయంలో మరొక ఆజ్ఞ కూడా ఉంది. పొలం అంచుల వరకు పూర్తిగా కోయకూడదు, రాలిన పరిగెను ఏరుకోకూడదు, వాటిని బీదలకు, పరదేశులకు విడిచిపెట్టాలి. ఇంటికి కొమ్మలు తెచ్చుకోమన్న మాట, బీదవానికి కంకులు విడిచిపెట్టమన్న మాట ఒకే అధ్యాయంలో ఉన్నాయి. ఈ రెండింటిని విడదీయకుండా చేసిన అలంకారమే కోతల కాలానికి తగినదని మేము నమ్ముతున్నాము.

మిషను రాకముందే

వెనకటి రోజులలో కొడవలితో కోసి, పనలు వేసి, కట్టలు కట్టి, కుప్ప నూర్చేవారు. కంకి కావాలంటే పన నుండి తీసుకుంటే చాలు. ఇప్పుడు చాలా ఊళ్లలో కోత మిషను వచ్చి గంటల్లో పొలం ముగిస్తుంది. గింజ ట్రాక్టరులో పడుతుంది, గడ్డి నలిగి నేలమీద పడుతుంది. కాడతో ఉన్న కంకి మిగలదు. కనుక కుచ్చు కట్టదలచినవారు మిషను రావడానికి ఒకటి రెండు రోజుల ముందే ఒక పిడికెడు కంకులు కోసి పెట్టుకోవాలి.

సొంత పొలం లేనివారు బాధపడనక్కరలేదు. మిషను మడి మూలల్లో తిరగలేదు. గట్టు వెంబడి, మూలలలో కొంత పైరు మిగిలిపోతుంది. దానిని కూలీలు కొడవలితోనే కోస్తారు. ఆసామిని ఒక మాట అడిగితే ఆ మూలల్లోని గుప్పెడు కంకులు కాదనేవారు అరుదు. పొలం ఉన్న సహోదరులకు కూడా మా మనవి ఒకటే. అడగకముందే ఆ మూల విడిచిపెట్టండి. లేవీయకాండము చెప్పిన పొలం అంచు మన కాలంలో ఆ మూలలోనే ఉంది.

కంకి పూర్తిగా పండి గింజ రాలేదాకా ఆగకూడదు. గింజలు ఎక్కువ భాగం బంగారు రంగుకు తిరిగి, కంకి అడుగున కొంచెం పచ్చదనం ఉన్నప్పుడు కోస్తే గింజ గట్టిగా నిలుస్తుంది. కాడ ఒకటిన్నర అడుగుల పొడవు ఉండాలి. కోసిన వాటిని చిన్న కట్టలుగా కట్టి, తలకిందులుగా, గాలి ఆడే నీడలో మూడు నాలుగు రోజులు వేలాడదీయండి. ఎండలో పెడితే రంగు వెలిసి కాడ పెళుసవుతుంది. మంచు పడే చోట పెడితే బూజు పడుతుంది.

కుచ్చు కట్టే విధం

ఒక చిన్న కుచ్చుకు 45 కంకులు చాలు. కాడలకు ఉన్న ఎండుటాకులు ఒలిచివేయండి. కాడలమీద నీళ్లు చల్లి, తడి గోనెసంచిలో చుట్టి అరగంట ఉంచండి. మెత్తబడిన కాడ విరగదు. కంకులు మాత్రం తడవకుండా చూడాలి.

తరువాత కంకుల మెడలన్నీ ఒక వరుసకు తెచ్చి, వాటి కింద అరటినారతో గాని పురికొసతో గాని గట్టిగా బిగించి కట్టండి. కాడలను 15 చొప్పున మూడు పాయలు చేసి, ఆడపిల్లకు జడ వేసినట్లే అల్లండి. చివర నాలుగు అంగుళాలు మిగిలినప్పుడు ఆపి కట్టండి. ఇప్పుడు ఆ జడను వంచి, దాని కొసను మొదట కట్టిన ముడి దగ్గరకు తెచ్చి కట్టేస్తే పైన ఉంగరం వంటి పట్టు, కింద గంటవలె వేలాడే కంకుల గుత్తి తయారవుతుంది. మిగిలిన కాడల కొసలు కత్తిరించండి. ముడిమీద రెండు బంతిపూలు గుచ్చితే చూడముచ్చటగా ఉంటుంది.

కాడ లేని పొట్టి కంకులే దొరికితే అవీ పనికివస్తాయి. ఐదేసి కంకులు చిన్న గుత్తులుగా కట్టి, జానెడు జానెడు దూరంలో ఒక పురికొసకు వేలాడదీయండి. అదే వరి తోరణం. పరిగె ఏరినవారి ఇంటికి ఇది సరిగ్గా సరిపోతుంది.

కుచ్చును వసారా దూలానికి, పిల్లి అందుకోలేని ఎత్తులో కట్టండి. సీలింగు ఫ్యానుకు దూరంగా ఉండాలి, ఎందుకంటే ఈ కుచ్చు ఒక్క కంటికే కాదు, పిచ్చుకలకు కూడా విందు. మన పెద్దలు వసారాలో వరి కుచ్చులు కట్టింది వాటి కోసమే. పెంకుటిళ్లు, పూరిళ్లు తగ్గి పిచ్చుకకు గూడు కరువైన రోజులివి. 2010 నుండి మార్చి 20వ తేదీని ప్రపంచ పిచ్చుకల దినంగా పాటిస్తున్నారంటే ఆ చిన్న పక్షి ఎంత అరుదైపోయిందో ఆలోచించండి. రెండు పిచ్చుకలు కాసుకు అమ్మబడినా వాటిలో ఒక్కటి కూడా తండ్రికి తెలియకుండా నేలపడదని ప్రభువు చెప్పిన సంగతి పిల్లలకు బోధించడానికి ఇంతకంటే మంచి పాఠం వేరే ఉండదు. పక్కనే ఒక మట్టి మూకుడులో నీళ్లు కూడా పెట్టించండి.

గుమ్మానికి, బల్లకు

మామిడాకుల తోరణం అందరికీ తెలిసినదే. ఆకులన్నీ ఒకే కొలతవి ఏరండి. తొడిమవైపు అంగుళం మేర పురికొసమీదుగా మడిచి, కొబ్బరి ఈనె ముక్కతో గుచ్చండి. మూడు ఆకులకొక బంతిపువ్వు చొప్పున పెడితే పూలు తక్కువ పడతాయి, తోరణం నిండుగా ఉంటుంది. గుండుసూదులు వాడకండి. తోరణం తీసి పశువుల ముందు వేసినప్పుడు సూది కడుపులోకి పోతే గేదె ప్రాణానికే ముప్పు.

మొక్కజొన్న పొత్తుల పైపొరలు ఒలిచి పారవేయకుండా వెనక్కి మడిచి, రెండు మూడు పొత్తుల పొరలు కలిపి జడ అల్లితే గోడకు వేలాడదీయవచ్చు. గింజలు పచ్చగా మెరుస్తాయి. జొన్న కంకులు, సజ్జ కంకులు ఒక మట్టి కూజాలో నిలబెట్టి బల్లమీద పెట్టవచ్చు. ఎండిన సొరబుర్ర పైభాగం కోసి, లోపలి గింజలు తీసివేస్తే అదే పూలకుండీ. ముదిరిన గుమ్మడికాయను తొడిమతో సహా కోసి, దెబ్బ తగలకుండా పొడి చోట ఉంచితే నెలల తరబడి చెడదు. గుమ్మానికి ఇరుపక్కల రెండు ఉంచితే వేరే అలంకారం అవసరం లేదు. విచ్చిన పత్తికాయలు కొమ్మతో సహా చాలా అందంగా ఉంటాయి. అయితే పత్తిపైరుకు పురుగుమందులు చల్లుతారు గనుక వాటిని ముట్టుకున్న తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి, పసిపిల్లలకు అందనివ్వరాదు.

మరికొన్ని జాగ్రత్తలు

గురివింద గింజలు ఎరుపు నలుపులతో ముద్దుగా ఉంటాయని పిల్లలు ఏరుకొస్తారు. అవి విషం. నమిలితే ప్రాణాపాయం. ఆముదపు గింజలు కూడా అంతే. అలంకరణలో ఈ రెండూ వద్దు. ఎండుగడ్డి, కంకులు, మొక్కజొన్న పొరలు నిప్పురవ్వకు భగ్గుమంటాయి. కొవ్వొత్తి, కిరసనాయిలు దీపం, కట్టెల పొయ్యి దగ్గర కట్టకండి. క్రిస్మస్ వరకు కుచ్చు ఉంచుకొనేవారు చిన్న కరెంటు దీపాల తీగలు దానికి చుట్టకండి. ఇక థర్మోకోల్ సంగతి. అలంకరణ కోసం థర్మోకోల్ తయారు చేయడం, అమ్మడం, వాడడం మన దేశంలో 2022 జూలై 1 నుండి నిషేధించబడింది. దానిని కాల్చినా, కాలువలో పారవేసినా నష్టమే.

మన అలంకారానికి ఆ బెడద లేదు. పండుగ అయ్యాక కుచ్చులోని గింజ పిచ్చుకలకు, కాడ పశువులకు, మొక్కజొన్న గింజలు కోళ్లకు, ఆకులు పూలు ఎరువు గుంటకు, గుమ్మడికాయ పులుసులోకి పోతాయి. చెత్త మిగలదు, అప్పు మిగలదు.

చేతిలో ఏమీ లేనివారు

ఒక సంగతి మనసు విప్పి చెప్పాలి. కోత పండుగనాడు కొందరు బస్తాలు తెస్తారు, కొందరు కోళ్లను, గెలలను తెస్తారు. వాటిని వేలంపాట వేస్తారు. పెద్ద పాట పాడినవారి పేరు అందరూ చెప్పుకుంటారు. పొలం లేని తల్లి, భర్తను పోగొట్టుకున్న సహోదరి, ఏడాదంతా ఇతరుల మళ్లలో నాట్లు వేసి కలుపు తీసినవారు, ఆ ఆదివారం వెనుక చాపమీద తల వంచుకొని కూర్చోవడం మనం చూస్తూనే ఉన్నాము. కొందరైతే చేతులు ఊపుకుంటూ వెళ్లలేక ఆ వారం ఆరాధనకే రారు. ఆ పంటలో వారి చెమట లేని గింజ ఒక్కటైనా ఉందా?

పరిగె ఏరిన కంకులతో కట్టిన కుచ్చు ఆ ఇంటివారు తేగలిగిన కానుక. పిడికెడు బియ్యం తీసిపెట్టి సంఘాన్ని నిలబెట్టిన స్త్రీల సంప్రదాయం మనది. ఆ బల్లమీద బస్తా పక్కన కుచ్చుకు చోటు ఉండాలి. సంఘపెద్దలు కుచ్చులను వేలానికి పెట్టకుండా ఆరాధన గుమ్మానికే కట్టిస్తే ఎవరిది పెద్దది, ఎవరిది చిన్నది అనే మాట రాదు. పరిగె ఏరుకొని అత్తను పోషించిన రూతు దావీదు రాజుకు ముత్తవ్వ అయింది. ఆమె ఒడిలోని కంకులను దేవుడు చిన్నవిగా చూడలేదు.

సండే స్కూలు ఉపాధ్యాయులు కోతకు ముందు వచ్చే శనివారం పిల్లలను ఒకచోట కూర్చి కుచ్చులు కట్టడం నేర్పవచ్చు. ఒక్కొక్కరు రెండు కట్టాలని చెప్పండి. ఒకటి తమ ఇంటికి, రెండవది ఆ ఏడు పంట చేతికి రాని ఇంటికి, లేక కట్టడానికి చేతులు ఆడని ముసలమ్మ ఇంటికి. పిల్లలే వెళ్లి ఆ ఇంటి వసారాకు కట్టి రావాలి, ఆ అవ్వతో కాసేపు కూర్చోవాలి.

మీ ఊరికి కోత మిషను ఏ రోజు వస్తుందో ఈ సాయంత్రమే కనుక్కోండి. దానికి ముందురోజు కొడవలి చేతపట్టి, పిల్లలను వెంటబెట్టుకొని మడి గట్టుకు వెళ్లండి. పంటనిచ్చిన దేవునికి స్తోత్రం చెల్లించి పిడికెడు కంకులు కోయండి. మరొక పిడికెడు అక్కడే నిలిపి రండి.