చికిత్స ఉంది, అక్కడికి చేర్చే చేయి కావాలి



మత్తు హరామ్ అని మన ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. అందుకే ఇంట్లో ఒకరు దానికి బానిసైతే, పరువు పోతుందని దాచేస్తాం. దాచిన కొద్దీ అది ముదురుతుంది. తాగడం పాపమే. కాని మానాలనుకున్నా మానలేకపోవడం జబ్బు. ప్రతి జబ్బుకూ అల్లాహ్ ఔషధాన్ని ఇచ్చాడని దైవప్రవక్త (స) బోధించారు.

మరి ఆ ఔషధం ఎందరికి అందుతోంది? 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స దొరుకుతోంది. ఆస్పత్రిలో చేరి చికిత్స పొందేది 180 మందిలో ఒక్కరే.

కొందరు కుటుంబ సభ్యులు మనిషిని గదిలో పెట్టి తాళం వేస్తారు. ఇది ప్రమాదకరం. ఏళ్ల తరబడి తాగినవారు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. మొదటి రోజులు డాక్టరు పర్యవేక్షణలోనే గడవాలి. తరువాత నెలల తరబడి మాత్రలు, కౌన్సెలింగ్ అవసరం. మధ్యలో మళ్లీ జారినా చికిత్స ఆపకూడదు.

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. కాని పాతబస్తీలో అద్దె ఆటో నడిపే సోదరుడు అక్కడ చేరితే ఇంట్లో పొయ్యి వెలగదు. తోడుగా వెళ్లే భార్య కూలి కూడా పోతుంది. తిరిగి చూపించుకోవడానికి వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు సంపాదన పోయినట్టే. చికిత్స మధ్యలో ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

దాతల సొమ్ము చేయగల మేలు కూడా ఇక్కడే ఉంది. మనిషి ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ఇంటికి రేషన్, అద్దెకు కొంత సాయం, రానుపోను చార్జీలు, వెంట వెళ్లే ఒక కార్యకర్త, గుట్టు కాపాడతామన్న మాట: ఇవి చాలు. అర్హులైన పేద కుటుంబాలకు జకాత్ నుంచీ, మిగతా ఖర్చులకు సదకా నుంచీ ఉలమాల సలహాతో ఇవ్వవచ్చు.

రెండు విషయాలు నలుగురికీ చెప్పండి. మత్తు మాన్పించే సలహా కోసం 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మాదకద్రవ్యాల చట్టం 64ఏ సెక్షన్ ప్రకారం, మత్తు వాడిన కేసులో ఉన్న బానిస తనంతట తానే ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు ముందుకొచ్చి పూర్తిచేస్తే శిక్ష నుంచి రక్షణ ఉంది. పోలీసు భయంతో ఇంట్లో దాక్కోనక్కర్లేదు.

జుమా రోజున మన పక్క సఫ్‌లో నిలబడే మనిషి ఇంట్లోనే ఈ బాధ ఉండవచ్చు. వేలెత్తి చూపకుండా చేయి అందిద్దాం. అల్లాహ్ మన దానాలను స్వీకరించుగాక. ఆమీన్.