మీకు తెలుసా? మగవాళ్ల గుండెకు ఈస్ట్రోజెన్ ఇచ్చి చూశారు!

నెలసరి ఆగేవరకు ఆడవాళ్లకు గుండెపోట్లు తక్కువ. ఆ చలవ ఈస్ట్రోజెన్‌దే అయితే మగవాళ్లకూ అదే ఇస్తే పోలా? 1960ల్లో అమెరికా డాక్టర్లు అనుకుని ఊరుకోలేదు. అప్పటికే గుండెపోటు వచ్చి బతికిన 8,341 మంది మగవాళ్లతో ‘కరోనరీ డ్రగ్ ప్రాజెక్ట్’ మొదలుపెట్టి, వారిలో కొందరికి చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్ మాత్రలు ఇచ్చారు. రొమ్ములు ఉబ్బాయి, కోరికలు తగ్గాయి. పోనీ గుండె బాగుపడిందా అంటే, రోజుకు 5 మిల్లీగ్రాములు మింగినవారిలో గుండెపోట్లే పెరిగాయి! ఆ మోతాదును 1970లో, అందులో సగం మోతాదును 1973లో ఆపేశారు.

మరి టెస్టోస్టెరాన్? అది గుండెకు చేటని చాలాకాలం అనుమానం. 2023లో వెలువడిన ‘ట్రావర్స్’ పరీక్షలో, ఆ హార్మోన్ తగ్గి, గుండెజబ్బో దాని ముప్పో ఉన్న 5,000 పైచిలుకు మగవాళ్లు పాల్గొన్నారు. టెస్టోస్టెరాన్ జెల్ రాసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 7 శాతం. ఉత్తుత్తి జెల్ వారిలో 7.3. తేడా లేనట్టే. గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం మాత్రం అసలు జెల్ వారిలోనే ఎక్కువ. జిమ్ముల్లో కండల కోసం పొడిపించుకునే ఇంజెక్షన్లకు ఈ ఊరట వర్తించదు: ట్రావర్స్‌లో వాడింది రక్తపరీక్షలు చూసి సరిచేస్తూ వచ్చిన మోతాదు.